ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో ఆగని ఫ్యాన్

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు బళ్ళు వచ్చి మంచుదిమ్మలు ఎక్కించుకుపోయే చోటు. ఇప్పుడు చీకటి పడితే చాలు, అటు ఎవరూ తొంగి చూడరు. కుక్కలు కూడా గోడ మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతాయంటారు. కుక్కల సంగతి ఎంతవరకు నిజమో గానీ, మనుషులు తిరిగిపోవడం మాత్రం నిజం.

షెడ్డుకి ఆ చెడ్డపేరు పోయినేడాది వచ్చింది. ఒక పికప్ డ్రైవర్ సాయంత్రం లోడు దింపి వచ్చి, బండి షెడ్డులో పెట్టి, తాళం తీసి... సీట్లోంచి దిగకుండానే పోయాడు. గుండె ఆగిపోయింది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి ముందు మనిషి కనబడలేదు. శబ్దం వినబడింది. బానెట్ కింద రేడియేటర్ ఫ్యాన్ ఝుయ్యిమని తిరుగుతూనే ఉంది.

ఇంజన్ బాగా వేడెక్కితే, తాళం తీశాక కూడా ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. చల్లబడగానే దానంతటదే ఆగిపోతుంది. ఆ బళ్ళు నడిపేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కానీ సీట్లో శవం, ముందు తిరిగే ఫ్యాన్... ఈ రెండూ కలిపి చూసినవాళ్ళకి తెలిసిన సంగతి ఎక్కడ గుర్తుంటుంది? మనిషి ఆగిపోయినా ఫ్యాన్ ఆగలేదన్నారు. ఆ మాట నోటా నోటా పెద్దదై, షెడ్డుకి అతుక్కుపోయింది.

ఏడాది తిరక్కుండానే ఆయన భార్య అదే బండెక్కి స్టీరింగ్ పట్టుకుంది. వీధిలో వాళ్ళు వెక్కిరింతగా 'పికప్పమ్మ' అని పేరు పెట్టారు. ఆవిడ ఊరుకుందా? పెయింటర్ని పిలిచి, ఆ పేరే బండి వెనకాల ఎర్రటి అక్షరాలతో రాయించుకుంది. తెల్లారకముందే లేచి, బేకరీలో రొట్టెలు ఎక్కించుకుని, దుకాణాలకి వేసి రావడం ఆవిడ పని.

ఇంట్లో ఉండేది ముగ్గురే. పికప్పమ్మ, ఆవిడ అత్తగారు, బావగారు. బావగారంటే పోయినాయనకి అన్న, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. వీధి గదిలోనే మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు విప్పి, రాగితీగ మళ్ళీ చుట్టి, చుట్టలు కదలకుండా నూలుదారంతో బిగించి కట్టి, పైన వార్నిష్ పోస్తాడు. ఇల్లంతా ఆ వార్నిష్ వాసనే. దుప్పట్లకీ అదే, కిటికీ పరదాలకీ అదే, పోయినాయన చొక్కాలకీ అదే.

తమ్ముడికి కూడా ఆ పని నేర్పాలని చూశాడు. తమ్ముడు కట్టిన ముడి ఒక్కటి నిలిస్తే ఒట్టు. "నీ చేతికి స్టీరింగే దిక్కురా" అని ఒకరోజు విసుక్కుని, అప్పోసప్పో చేసి ఆ పికప్ కొనిచ్చింది కూడా అన్నగారే.

సరే... అసలు కథలోకి వద్దాం.

ఒక రాత్రి పికప్పమ్మ బండి షెడ్డులో పెట్టి ఇంటికొచ్చి పడుకుంది. షెడ్డుకీ వాళ్ళ పెరటికీ మధ్య ఒక గోడే అడ్డం. నడిరేయి మెలకువ వచ్చింది. గోడ అవతల ఝుయ్యిమని... సన్నగా, తెంపు లేకుండా. ఇంజన్ ఎప్పుడో చల్లబడి ఉంటుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది.

తెల్లారేసరికి బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పాపం, బావగారే షాపులోంచి ఇంకో బ్యాటరీ మోసుకొచ్చి, వైర్లు తగిలించి స్టార్ట్ చేయించాడు. రొట్టెలు ఆలస్యంగా చేరాయి. కొన్నాళ్ళకి మళ్ళీ అదే జరిగింది. ఆ తర్వాత మళ్ళీ.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను రిలే మార్చాడు. వేడి కనిపెట్టే సెన్సర్ మార్చాడు. ఇంజన్ వేడెక్కించి, చల్లార్చి, మళ్ళీ వేడెక్కించి చూశాడు. ఫ్యాన్ తిరగాల్సినప్పుడు తిరిగింది, ఆగాల్సినప్పుడు ఆగింది.

"బండి నిక్షేపంలా ఉందక్కా," అన్నాడు. బానెట్ కింద పెట్టె మూత తీసి, అగ్గిపెట్టెలో సగం ఉండే నల్లటి ముక్కని చూపించాడు. "ఇదే రిలే. ఫ్యాన్‌కి కరెంటు వదిలేది ఇదే. ఈసారి ఆగకపోతే దీన్ని పీకెయ్. చచ్చినట్టు ఆగుతుంది."

కాస్త ఆగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అప్పటికీ ఆగలేదనుకో... నన్ను మాత్రం పిలవకు."

బ్యాటరీ వైరు ఊడదీసి పడుకోవచ్చు కదా అని అడగొచ్చు మీరు. ఒక రాత్రి అలాగే చేసింది. ఫ్యాన్ తిరగలేదు. కానీ తన బండికి తానే భయపడి గడియ పెట్టుకున్నట్టు అనిపించి, పొద్దున లేచేసరికి ఆవిడకి తలకొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి ఊడదియ్యడం మానేసింది. బ్యాటరీ మళ్ళీ దిగింది. బేకరీ యజమాని మొహం మీదే చెప్పేశాడు, ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే బండి మాట్లాడుకుంటానని.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర బావగారు మెల్లగా మొదలుపెట్టాడు.

"నువ్వు బండి నడపడం వాడికి ఇష్టం లేదమ్మా. అందుకే వస్తున్నాడు. అమ్మేద్దాం. కొనేవాణ్ణి కూడా చూశాను."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పికప్పమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"నాకు స్టీరింగ్ నేర్పిందే ఆయన. చచ్చాక మనసు మార్చుకున్నాడా?" అంది. "అయినా ఒక్క మాట అడుగుతా, చెప్పండి. దెయ్యమైతే తన బలంతో తిప్పుకోవాలి. నా బ్యాటరీ తినడమేంటి?"

కంచం పక్కకి జరిపి లేచింది.

"ఈ రాత్రి షెడ్డులో నేను కూర్చుంటా. ఫ్యాన్ ఎందుకు తిరుగుతోందో కనిపెట్టానా, బండి అమ్మే మాట ఈ ఇంట్లో మళ్ళీ వినబడకూడదు. కనిపెట్టలేకపోయానా, పొద్దున్నే తాళాలు మీ చేతిలో పెడతా."

"ఒంటరిగా వద్దు," అన్నాడు బావగారు. "టార్చి పట్టుకోవడానికి నేనూ వస్తా."

ఇద్దరూ గోడ పక్కనుంచి షెడ్డులోకి వెళ్ళారు. అత్తగారు పెరట్లో గోడకి చెవి ఆనించి కూర్చుంది. లోపల... కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పైన రేకులు చలికి టక్కుమని ముడుచుకుంటున్నాయి. బండి ఎప్పటిలాగే ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు.

పికప్పమ్మ బానెట్ ఎత్తి, తాళాలు నడుముకి దోపుకుని నిలబడింది. బావగారు బండి ముందుకి వచ్చి బంపర్‌కి ఆనుకున్నాడు. ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. కాళ్ళు లాగుతున్నాయి. ఏమీ లేదు... ఏమీ లేదు...

ఝుయ్యి!

తాళాలు తన నడుము దగ్గరే ఉన్నాయి. ఇంజన్ రాయిలా చల్లగా ఉంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది.

"వచ్చాడమ్మా..." బావగారు గుసగుసలాడాడు. "పోదాం పద."

ఆవిడ కదల్లేదు. మెకానిక్ చూపించిన పెట్టె మూత తీసింది. రిలే మీద వేలు పెట్టింది. ఒక్క గుంజు... రిలే చేతిలోకి వచ్చేసింది.

ఫ్యాన్ ఆగలేదు.

చచ్చినట్టు ఆగాల్సిన ఫ్యాన్ తిరుగుతోంది. అరచేతిలో రిలే, ఎదురుగా ఫ్యాన్. అప్పుడు నిజంగా భయమేసింది ఆవిడకి. అంతలో ఫ్యాన్ గాలికి ఒక వాసన వచ్చి మొహానికి తగిలింది. వార్నిష్ వాసన... ఆయన చొక్కా వాసన.

ఒక్క క్షణం ఆయనే అనుకుంది. ఆయనే అయితే బాగుండును అని కూడా అనుకుంది. కళ్ళు నిండిపోయాయి. భయం ఎటు పోయిందో పోయి, ఆయన మీద ఎప్పుడూ వచ్చే కోపమే వచ్చింది.

"నువ్వే అయితే విను," అంది చీకట్లోకి, గుసగుసగా కాదు, గట్టిగానే. "వస్తే రా, కూర్చో, ఎవరొద్దన్నారు? కానీ బ్యాటరీ జోలికి రాకు. పొద్దున్నే నేను రొట్టెలు వెయ్యాలి. ఈ బండి నేనే నడుపుతా. నువ్వొచ్చి అడ్డంపడ్డా నడుపుతా!"

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. గోడ అవతల అత్తగారు ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది.

"బావగారూ, టార్చి బ్యాటరీ మీద పెట్టండి."

"ఇంకా ఎందుకమ్మా..."

"కరెంటు రిలే లోంచి రావట్లేదు. ఎటు తిరిగి వచ్చినా బ్యాటరీ నుంచే రావాలి. పెట్టండి."

టార్చి వెలుగు వచ్చింది. బ్యాటరీ మీద నిలవదు, రేకుల మీదికి పోతుంది, గోడ మీదికి పోతుంది. ఆవిడ విసిగిపోయి చీకట్లోనే చెయ్యి పెట్టింది. బ్యాటరీ బిగింపు కింద లావుపాటి వైర్లు తెలిసినవే. వాటి అడుగున ఇంకొకటి... సన్నది... ఎప్పుడూ చేతికి తగలనిది. ఆ వైరు పట్టుకుని వేళ్ళతో నడిచింది. హెడ్‌లైటు వెనక్కి వెళ్ళింది. కిందికి దిగింది. ఫ్యాన్‌కి చెయ్యి తగలకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, వంగి, బంపర్ వెనకాల తడిమింది.

చిన్న స్విచ్ తగిలింది. స్విచ్ నుంచి ఇంకో వైరు పైకి, ఫ్యాన్ దగ్గరికి పోతోంది.

బావగారు ఆనుకుని నిలబడ్డ చోటు కూడా అదే.

స్విచ్ దగ్గర వైర్లు కలిపిన అతుకు మీద ఆవిడ వేలు ఆగింది. బండి వైర్లు అతికే ఎవడైనా రెండు మెలికలు తిప్పి టేపు చుట్టి వదిలేస్తాడు. ఇక్కడ టేపు లేదు. నూలుదారం ఉంది. చుట్టు పక్కన చుట్టు, వెంట్రుక దూరనంత దగ్గరగా కట్టి, చివర ముడి లోపలికి లాగేసి, పైన వార్నిష్ పూసి... వార్నిష్ ఇంకా పూర్తిగా ఆరనే లేదు. మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు విప్పేసి, ఈమధ్యే మళ్ళీ కట్టారన్నమాట. దొంగపని చేస్తూ కూడా ఆ చేతులు శుభ్రంగా చెయ్యడం మానుకోలేకపోయాయి.

పికప్పమ్మ మెల్లగా లేచి నిలబడింది. టార్చి ఇప్పుడు నేల మీదికి వాలిపోయింది.

"బావగారూ," అంది గొంతు తగ్గించి. "మీ తమ్ముడికి బతికున్నన్నాళ్ళూ దారం కట్టడం రాలేదు కదా. చచ్చాక ఎవరు నేర్పారు?"

బావగారు బంపర్ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆవిడ వంగి స్విచ్ నొక్కింది. టక్... ఫ్యాన్ నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, రెక్కలు కనబడ్డాయి, ఆగిపోయింది. షెడ్డులో బావగారి ఊపిరి ఒక్కటే వినబడింది.

"వాడు ఆ సీట్లోనే పోయాడమ్మా," అన్నాడు బావగారు గోడ అవతలికి వినబడనంత మెల్లగా. "ఆ సీట్లోకి తోసింది నేను. నువ్వు రోజూ చీకట్లో లేచి వెళ్ళి అందులోనే కూర్చుంటున్నావు. నువ్వు తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. నీకు చెబితే వింటావా?"

"వినను," అంది పికప్పమ్మ, ఆవిడా అంతే మెల్లగా. "కానీ చెప్పాల్సింది. మీకు భయమేస్తోందని చెప్పడానికి మొహం చెల్లక, పోయినాయన్ని తెచ్చి దెయ్యాన్ని చేశారు. గోడ అవతల ఆయన్ని కన్నతల్లి కూర్చుంది, తెలుసా మీకు?"

బావగారు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆవిడకి జాలేసింది. జాలేసినా తగ్గలేదు.

"విప్పండి. మీరే కట్టారు, మీరే విప్పండి."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, బ్యాటరీ దగ్గర్నుంచి ఫ్యాన్ దాకా వైరంతా విప్పాడు. ఈసారి టార్చి ఆవిడ పట్టుకుంది. విప్పిన దారాన్ని కూడా ఆయన అలవాటు కొద్దీ వేలికి చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆవిడ రిలే తిరిగి గుచ్చి, బానెట్ దభీమని వేసింది.

ఆ చప్పుడుకి గోడ అవతల నుంచి అత్తగారి గొంతు లేచింది.

"ఆగిందా అమ్మాయీ?"

"ఆగింది అత్తయ్యా."

తర్వాత, వినీ వినబడనట్టు...

"వాడే వచ్చాడా? ఏమన్నా అన్నాడా తల్లీ?"

పికప్పమ్మ బావగారి వైపు చూసింది. టార్చి వెలుగులో ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. చెప్పేస్తే ఆ తల్లికి ఒక కొడుకు రెండోసారి పోతాడు, ఇంకో కొడుకు మొదటిసారి పోతాడు. ఆవిడ టార్చి ఆర్పేసింది.

"అన్నాడు అత్తయ్యా," అంది గట్టిగా. "బండి నన్నే నడపమన్నాడు. అమ్మొద్దన్నాడు. ఇంక రానన్నాడు."

ఆ ముసలి గొంతు పెద్దకొడుకుని అడిగింది.

"నిజమేనట్రా?"

చీకట్లో బావగారు గొంతు సవరించుకున్నాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "నేనూ విన్నాను."