పెల్టన్ మైదానంలో గొలుసు చప్పుడు

"డ్వేనూ! ఒరేయ్ డ్వేనూ! గొలుసు లేకుండా రేపు ఆటేంట్రా?"

చర్చి మెట్ల మీంచి గ్లాడిస్ వేసిన కేక వీధి చివర పెట్రోలు బంకు దాకా వినబడింది. పెల్టన్‌లో ఉన్నదే ఒక్క వీధి లెండి, వినబడక ఏం చేస్తుంది!

సంగతేంటంటే, పిల్లలు తగ్గిపోయి పెల్టన్ హైస్కూలునీ, రాడెక్ హైస్కూలునీ ఆ ఏడే కలిపేశారు. తాతల నాటి నుంచీ పళ్ళు నూరుకునే రెండూళ్ళకీ ఇప్పుడు ఒకటే ఫుట్‌బాల్ జట్టు. రేపే మొదటి ఆట. ఇవాళ చర్చి కింద గదిలో రెండూళ్ళకీ కలిపి విందు. తీరా చూస్తే ఆటలో గజాలు కొలిచే రాడెక్ వాళ్ళ గొలుసు తుప్పు పట్టి తెగిపోయింది. ఇక ఉన్నది, మూతబడ్డ పెల్టన్ మైదానం షెడ్డులో ఉన్న గొలుసే.

"పొద్దు గూకింది కదా గ్లాడిసూ... తెల్లారి తెస్తాలే" అని నసిగాడు డ్వేన్.

"ఆర్విల్ వచ్చి కాలు పట్టుకు లాగుతాడనా? యాభై ఏళ్ళొచ్చాయి, సిగ్గులేదూ!"

మెట్ల మీదున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. నవ్వారే గానీ, తోడొస్తానన్నవాడు ఒక్కడూ లేడు.

మరి ఆ మైదానానికి చెడ్డపేరు వచ్చేసిందాయె. చలికాలంలో ఆర్విల్ కుచేరా పోయినప్పటి నుంచీ, చీకటి పడ్డాక అక్కడ గొలుసు ఈడ్చిన చప్పుడు... గళ్... గళ్... మొక్కజొన్న కోతల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చేవాళ్ళు కూడా ఆ దారి మానేసి చుట్టు తిరిగి పోతున్నారు.

ఆర్విల్ జీవితమంతా గొలుసు మనిషే. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట కదా — నాలుగు విడతల్లో పది గజాలు దాటారా లేదా తేల్చేది ఆ గొలుసే. దాన్ని మైదానంలోకి తెచ్చినప్పుడు చోటు తప్పకుండా, ముందే గీత దగ్గర ఒక లింకుకి క్లిప్పు పెట్టుకుంటారు. క్లిప్పు ఆర్విల్ పని. గొలుసు కొసనుండే కర్ర పట్టుకోవడం డ్వేన్ పని.

పోయినేడు రాడెక్‌తో ఆట. ఆఖరి విడత. గొలుసెత్తుకుని పరిగెడుతుంటే డ్వేన్ గ్లౌజు తగిలి క్లిప్పు ఊడింది. ఎవరూ చూళ్ళేదు. గబుక్కున మళ్ళీ తగిలించాడు. రెండు లింకులు తేడాగా... తన ఊరికి లాభమొచ్చే వైపుకే.

రాడెక్ బంతి రెండు వేళ్ళు తక్కువైంది. పెల్టన్ గెలిచింది.

తర్వాత రాడెక్ వాళ్ళు వీడియో చూసి క్లిప్పు తప్పని పట్టేశారు. క్లిప్పు ఎవరిది? ఆర్విల్‌ది. 'రెండు లింకుల ఆర్విల్' అని పేరు పెట్టారు. అదైనా భరించేవాడేమో! సొంత ఊరివాళ్ళు వీపు తట్టి బీరు పోయించారు — "భలే దెబ్బ కొట్టావయ్యా పెద్దాయనా!" అంటూ. "నేను చెయ్యలేదురా" అని ఆయన మొత్తుకుంటే కన్ను గీటేవారు.

డ్వేన్ కూడా గీటాడు.

ఆర్విల్ మళ్ళీ మైదానం తొక్కలేదు. మంచు కురిసే రోజుల్లో పోయాడు.

ఇప్పుడు డ్వేన్ బండి దిగి, టార్చి పట్టుకుని, కంచె దాటాడు. గాలి లేదు. షెడ్డు తలుపు... తీసే ఉంది. గొలుసు లేదు.

గళ్...

మైదానం నడిమధ్య గడ్డి మీద గొలుసు బిగుతుగా లాగి ఉంది. ఒక కొస దగ్గర ఎవరో వంగి ఉన్నారు. నారింజ రంగు చొక్కా. గొలుసు వాళ్ళు వేసుకునేదే... ఆర్విల్‌దే!

డ్వేన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఆర్విల్... క్షమించవయ్యా... నీ క్లిప్పు తప్పు కాదు. నా చేతిలో ఊడింది... నేనే పెట్టాను. తెలిసే... తెలిసే పెట్టాను..."

ఆ ఆకారం మెల్లగా నడుం ఎత్తింది.

"ఎవరదీ... డ్వేనా?"

ఆడగొంతు! ఆర్విల్ పెళ్ళాం లవోన్. మొగుడి చొక్కా తొడుక్కుని, తెల్లజుట్టు విరబోసుకుని.

"రోజూ వస్తున్నానురా" అంది. "ఆయన పెట్టే పద్ధతిలోనే క్లిప్పు పెట్టి కొలుస్తున్నా. ఎక్కడ పొరబడ్డాడో చూద్దామని. ఎన్నిసార్లు కొలిచినా సరిగ్గానే వస్తోంది... ప్రాణం పోయేదాకా 'నేను కాదే' అంటూనే ఉన్నాడు. నేనూ నమ్మలేదు."

డ్వేన్ తల ఎత్తలేకపోయాడు. ఎత్తలేక గొలుసు వెంటే చూపు సాగించాడు... ఆ చివరి దాకా.

"అమ్మా... ఇంత బిగుతుగా ఉందేం? ఆ రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

"ఏమో." లవోన్ గుసగుసగా అంది. "నేనెప్పుడూ అటు చూళ్ళేదు."

టార్చి తిప్పాడు. గడ్డిలో కర్ర ఒంటరిగా, నిటారుగా నిలబడి ఉంది... ఒక్క క్షణం. తర్వాత నెమ్మదిగా పక్కకి ఒరిగింది.

గళ్.

ఇద్దరూ గొలుసు చెరో కొసా మోసుకుంటూ చర్చికి వచ్చేసరికి, ప్రార్థన కోసం అంతా లేచి నిలబడి ఉన్నారు. పాస్టరు నోరు తెరవబోతుంటే డ్వేన్ ఆపాడు. తలుపు దగ్గరే నిలబడి, చేతిలో గొలుసుతోనే, రెండూళ్ళ ముందూ చెప్పేశాడు. ఏదీ దాచలేదు — కన్ను గీటిన సంగతి కూడా.

వీపులు తట్టిన చేతులన్నీ జేబుల్లోకి పోయాయి. గ్లాడిస్ మొహం పాలిపోయింది. రాడెక్ ముసలాయన మిలో, టోపీ తీసి గుండెకి ఆనించుకుని లవోన్ ముందుకొచ్చాడు. "ఆ పేరు పెట్టింది నేనేనమ్మా" అన్నాడు.

లవోన్ ఎవర్నీ క్షమించానని అనలేదు. అననక్కర్లేదు కూడా. మొగుడి చొక్కా విప్పి, మడతపెట్టి, ఒక కుర్చీ లాగి దాని మీద పెట్టింది. పక్క కుర్చీ తను తీసుకుంది. ఇటు పక్కది కాలితో వెనక్కి తోసి డ్వేన్ వంక చూసింది.

"కూర్చో. చిల్లీ కూర చల్లారిపోతోంది."

డ్వేన్ కూర్చున్నాడు. అప్పుడు మిలో, తర్వాత గ్లాడిస్, ఆ తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు రెండూళ్ళవాళ్ళూ... కుర్చీలు లాక్కుని భోజనానికి కూర్చున్నారు.