గోటి పెన్సిల్

అది పెద్ద వరద వచ్చిపోయిన మరుసటి ఏడు. ఏటి ఒడ్డు వీధిలో గోడల మీద నీటి మరక ఇంకా చెరగలేదు. మనిషి ఛాతీ ఎత్తున, తాడు పెట్టి గీత కొట్టినట్టు, ఇంటింటికీ ఒకటే మరక.

ఆ వీధిలో మేజిక్ సామాన్ల కొట్టు ఒకటుంది. ఒక మధ్యాహ్నం అక్కడికి కుర్రాడొకడు వానలో తడుస్తూ వచ్చాడు. పార్టీల్లో, ఆఫీసు ఫంక్షన్లలో జనం మనసులో మాట చెప్పడం అతని వృత్తి. పోస్టర్ మీద పేరు ‘మనోనేత్రం’. వాన వస్తుందన్న సంగతి మాత్రం ఆ నేత్రానికి అందలేదు.

కౌంటరు వెనక ఒక అమ్మాయి స్క్రూలు ఏరుతోంది. కుర్రాడు బియ్యపు గింజంత వస్తువొకటి బల్ల మీద పెట్టాడు.

“ఇది మీ కొట్లో కొన్నదే. నిన్న స్టేజి మీద ఊడిపోయింది. పోయి పోయి మేనేజర్ గారి కాఫీలో పడింది.”

“తాగేశారా?”

“లేదు. చెంచాతో తీసి నా చేతిలో పెట్టారు.”

“మంచి మనిషి,” అంది ఆ అమ్మాయి, స్క్రూల మీంచి చూపు తియ్యకుండా.

“నా పరువు పోయిందండీ! మీకు నవ్వులాటగా ఉందా?”

“నేను నవ్వలేదే. ఏదీ, బొటనవేలు చూపించండి.”

చూపించాడు. ఆమె ఆ వేలిని దీపం కిందికి లాగి చూసింది. “గోళ్ళు కొరుక్కుంటారా?”

“కొంచెం టెన్షన్ మనిషిని.”

“కొరికిన గోటికి పెన్సిల్ అంటిస్తే నిలుస్తుందా? పునాది లేని గోడ. తప్పు సరుకుది కాదు మనోనేత్రం గారూ, పళ్ళది.”

ఆ వస్తువే గోటి పెన్సిల్. జవాబు ముందే రాసిపెట్టానని చెప్పి ఆటగాడు కార్డు తన వైపు తిప్పి పట్టుకుంటాడు. ఎదుటివాడు తన మనసులో మాట పైకి అంటాడు. అన్న తరవాతే, బొటనవేలి గోటికి అంటించిన సన్నటి పెన్సిల్ ముల్లుతో కార్డు మీద ఆ మాట ఎక్కుతుంది. చూసేవాళ్ళకి అది ముందే ఉన్నట్టు. ఉన్న మోసమంతా అంతే.

ఆమె మూడు రకాలు తీసి వరసగా పెట్టింది. గోటికి మైనంతో అంటించేది ఒకటి. వేలి రంగులో ఉండి బొటనవేలికి టోపీలా తొడుక్కునేది ఒకటి. ఉంగరం అడుగున ముల్లు ఉండేది మూడోది.

“తొడుగు ఊడదు. కానీ దగ్గర్నించి చూస్తే శవం వేలులా ఉంటుంది. ఉంగరం గట్టిది, అయితే అక్షరాలు అష్టావక్రంగా పడతాయి. మీ ఇష్టం.”

“మీరైతే ఏది తీసుకుంటారు?”

“నేనైతే గోళ్ళు పెంచుకుంటాను.”

ఈ మాటకి కుర్రాడికి నవ్వొచ్చింది. అంతలో కొట్టు వెనక ఇంట్లోంచి, తెర తీసుకుని ఒక ముసలాయన వచ్చాడు. ఆమె తండ్రి. ఆ మూడూ ఆయన చేతితో చేసినవే. ఊళ్ళో ఆటగాళ్ళంతా ఆయన్ని మాస్టారంటారు.

“నువ్వు మనసులో మాట చెప్తావా అబ్బాయ్?”

“ట్రిక్కే కదండీ మాస్టారూ. మీకు తెలియంది ఏముంది?”

“తెలుసులే,” అన్నాడు ఆయన. “మా పెద్దాడు వరదలో పోయినవాడు ఇంకా రాలేదు. ఎక్కడున్నాడో చెప్పగలవేమోనని.”

అమ్మాయి చేతిలో స్క్రూలు నేల రాలాయి. కుర్రాడు వంగి ఏరాడు. ఆయన మొహంలోకి చూడకుండా ఉండడానికి అంతకంటే దారి దొరకలేదు.

ఆ తరవాత కుర్రాడు సరుకు మార్చే వంకతో వస్తూ పోతూ ఉన్నాడు. తొడుగు ఒకసారి బిగుతన్నాడు, ఒకసారి వదులన్నాడు.

“మీ వేలు వారానికోసారి లావెక్కుతుందా?” అంది ఆమె.

“మీ కొట్టు గాలి పడింది.”

“మా కొట్టు గాలికి గోడే కూలుతోంది. అటు చూడండి.”

నిజమే. ఏటివైపు గోడ పొట్ట ఉబ్బింది. మునిసిపాలిటీవాళ్ళు దాని మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్ళారు. మళ్ళీ ఏరు పొంగితే నిలవదు. ఆ అమ్మాయి పిన్ని వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది, రమ్మంటున్నారు. మాస్టారు కదలడు.

“అన్నయ్యకి తెలిసిన అడ్రసు ఇదొక్కటేనట. వచ్చి చూస్తే మనం లేకపోతే ఎలా అంటాడు నాన్న. ఆయన్ని వదిలి నేను పోలేను. వానలు మొదలయ్యాయి.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. బియ్యం నిండుకున్నాయి అన్నంత మామూలుగా. “అన్నయ్య రాడు. నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. మాట పైకి రాదు, అంతే.”

ఒకరోజు మాస్టారే కుర్రాణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు.

“వరద రోజు వాడితో నేనన్న ఆఖరి మాట ఒకటుంది. ఎవరికీ తెలీదు. నీ కార్డు మీద ఆ మాట ఉండాలి. నువ్వెప్పుడు రాశావో నాకు అందకూడదు. అప్పుడు వాడే చెప్పించాడనుకుంటాను. పొమ్మన్న చోటికి పోతాను.”

“మీరు పట్టేస్తారు మాస్టారూ.”

“అదే చెప్తున్నా. నేను పట్టలేని మోసం ఈ భూమ్మీద లేదు. నేను పట్టలేదంటే అది మోసం కాదన్నమాట.”

తెర వెనకనుంచి విన్న అమ్మాయి ఆ మాట పట్టుకుంది. మర్నాడు కుర్రాడు గుమ్మంలో అడుగుపెట్టగానే, “ఎలాగైనా చెయ్యి. నాన్నని ఇక్కణ్ణించి కదిలించాలి,” అంది. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ ఊరుకున్నారు.

ఇక ఎంపిక మొదలైంది. తండ్రి మందులకని ఆసుపత్రికి వెళ్ళే పొద్దుల్లో ఇద్దరూ కూర్చునేవాళ్ళు.

“తొడుగు వద్దు. చేసినవాడు దూరం నుంచే గుర్తుపడతాడు. ఉంగరం నువ్వెప్పుడూ పెట్టుకోవు, కొత్తగా కనిపిస్తుంది.”

“మిగిలింది గోరే.”

“గోరే. కానీ మామూలు ముల్లు కర్రుమంటుంది. నాన్నకి చెవులు పాము చెవులు. మైనపు ముల్లు పెడదాం. చప్పుడుండదు.”

“అది అలుక్కుపోతుందిగా?”

“నున్నటి కార్డు తీసుకుంటే అలుక్కోదు. గోరు కొరికావో, చంపేస్తా.”

కొరకలేదు. జన్మలో మొదటిసారి అతని బొటనవేలికి గోరు పెరిగింది. ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కో మాట అనేది, అతను రాసేవాడు. ‘వాన’ అంది, రాశాడు. ‘గోడ’ అంది, రాశాడు.

“ఊపిరి బిగపడుతున్నావు. రాసేటప్పుడు మాట్లాడుతూ ఉండాలి.”

“ఏం మాట్లాడను?”

“నీ నోటికొచ్చింది.”

“నీ కుడి కనుబొమలో చిన్న మచ్చ ఉంది.”

“...ఉంటే?”

“ఏం లేదు. రాసేశాను, చూడు.” కార్డు తిప్పాడు. ఆమె అన్న మాట తప్పు లేకుండా ఉంది. ఆమె కార్డుకేసి చూడలేదు. బయట వాన చూరు మీంచి దారాలుగా దిగుతోంది. ఏరు ఆ పొద్దున రేవులో ఇంకో మెట్టు ఎక్కింది.

ఆ మధ్యాహ్నమే మాస్టారు కుర్చీ లాక్కుని కుర్రాడి ఎదురుగా కూర్చున్నాడు. అమ్మాయి తెర వెనక నిలబడింది. కుర్రాడు కార్డు తన వైపు తిప్పి పట్టుకున్నాడు.

“ఇందులో రాసి ఉంది మాస్టారూ. ఇప్పుడు చెప్పండి. ఆ రోజు ఏమన్నారు?”

అడిగాక గానీ పొరపాటు తెలిసిరాలేదు. ఒక్క మాటలో చెప్పమని అడగాలి. ఈ ఆటలో ఓనమాలు అవి. ఇన్నాళ్ళ తర్ఫీదులో ఆమె ఒక్కో మాటే ఇచ్చింది, అతను ఒక్కో మాటే రాశాడు. ‘ఒక్క మాటలో చెప్పండి’ అని అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మాస్టారు గోడకేసి తిరిగాడు. తరవాత అన్నాడు.

“వీధి చివరికి వచ్చేశాం. నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. నేనన్నానూ, ‘కొట్లో ముళ్ళ పెట్టె మర్చిపోయాం రా, నువ్వు తెస్తావా, నన్ను వెళ్ళమంటావా?’ అని. వాడు వెనక్కి తిరిగాడు.”

తెర కదిలింది.

కుర్రాడి బొటనవేలు కార్డు మీద ఉంది. అంత మాట రాయడం ఎవరి తరమూ కాదు. కానీ ‘పెట్టె’ అని రాస్తే చాలు. రెండక్షరాలు. మైనపు ముల్లు చప్పుడు చెయ్యదు. మాస్టారు అతని చేతికేసి చూడడం లేదు కూడా. కళ్ళు గోడ మీది మరక మీద ఉన్నాయి.

కుర్రాడు వేలు తీసేశాడు. కార్డు బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. తెల్లగా ఉంది.

“రాయలేదు మాస్టారూ.”

“ఏం? ముల్లు జారిందా?”

“లేదు.”

“పెట్టె అంటే చాలు కదరా.”

“చాలు. కానీ రాస్తే అది మీ అబ్బాయి చెప్పినట్టవుతుంది. ఆయన చెప్పలేదు.”

మాస్టారు కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “చెప్పలేదు,” అన్నాడు. మళ్ళీ, “చెప్పడు,” అన్నాడు. తరవాత ఆయన ఏడ్చిన ఏడుపు చెప్పడానికి లేదు.

అమ్మాయి తెర తీసుకుని వచ్చింది. తండ్రిని దాటుకుని తిన్నగా గుమ్మం బయట వానలోకి పోయి నిలబడింది. కుర్రాడు వెనకే వెళ్ళాడు.

“అన్నయ్యే తనంతట తను వెనక్కి వెళ్ళాడనుకున్నాను,” అంది. “ఏడాదిగా వాణ్ణే తిట్టుకున్నాను, బుద్ధి లేనివాడని.”

అతను చూరు కిందికి పోకుండా ఆమె పక్కనే వానలో నిలబడ్డాడు.

“నువ్వు రాస్తావనుకున్నా.”

“నేనూ అనుకున్నా.”

“రాసుంటే ఇవాళ నిన్ను మెచ్చుకునేదాన్ని. ఆ తరవాత నువ్వు ఏ మాట అన్నా ముందు నీ వేలికేసి చూసేదాన్ని. బతికినన్నాళ్ళూ.”

“బతికినన్నాళ్ళూ చూస్తావా?”

“తడిశావు, లోపలికి పద,” అంది. మొహం మీద వాన ఏదో, కన్నీరు ఏదో తెలియలేదు. లోపలికి పోయి తండ్రి భుజం పట్టుకుంది. “లే నాన్నా. తిట్టేది ఏమైనా ఉంటే పిన్ని వాళ్ళింట్లో కూర్చుని తిడతాను. లే.”

ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “ముందు వాడి పేరు రాయించాలి. పోయినవాళ్ళ రిజిస్టరులో. ఏడాదిగా నేనే వద్దన్నాను,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళారు. గుమాస్తా పేరు రాసుకున్నాడు, వయసు అడిగి రాసుకున్నాడు.

“బయటి మనిషి సాక్షి కావాలి. ఈయన మీకేమవుతారు?”

“అల్లుడు,” అన్నాడు మాస్టారు.

అమ్మాయి తల తిప్పి తండ్రిని చూసింది. కుర్రాడు నేలకేసి చూశాడు.

“ఇంటి మనుషులు పనికిరారండీ.”

“ఇంకా కాలేదు బాబూ. అవుతాడు.”

గుమాస్తా అమ్మాయికేసి చూశాడు. ఆమె కాదనలేదు.

“అయితే ఇవాళ్టికి బయటి మనిషే. పెట్టొచ్చు,” అని రిజిస్టరు ఇటు తిప్పాడు.

కుర్రాడు బావమరిది పేరు కింద సంతకం పెట్టాడు. పెట్టి, మాస్టారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.