మచ్చలేని సముద్రం

నిశాక్షి వచ్చాక రేవులో అందరూ రాత్రిళ్లు సముద్రం వైపు చూడడం మానేశారు. చూడవలసినదంతా ఒడ్డున కట్టిన తెర మీదే ఉంటుంది. కొండ మీది ఆ యంత్రపు కన్ను, చీకట్లో కనుచూపు దాటిన నీటిని సైతం పట్టపగలులా ఫోటో తీస్తుంది. చిత్రంలో మనిషి పడితే రక్షణనావ తనంతట తానే బయలుదేరుతుంది. పడకపోతే కదలదు.

ఆ రాత్రంతా తెర మీద సముద్రం, తేలుతున్న ఓ ఖాళీ డబ్బా తప్ప, కడిగిన పళ్లెంలా ఉంది. వేటకు వెళ్లిన దానయ్య మాత్రం తిరిగి రాలేదు. తమ్ముడు గురుమూర్తి వెతకడానికి తన పడవ నీళ్లలోకి తోయబోతే, దానయ్య భార్య కాసులమ్మే అడ్డుపడింది.

"పటంలో లేడంటే నీళ్లల్లో లేడనే గదా. ఏ పక్క రేవుకో ఎల్లుంటాడు. నువ్వు కూడా పోతే మాకు దిక్కెవరు బాబూ?" అంది. గురుమూర్తి వదిన మాట కాదనలేక ఆగిపోయాడు.

తెల్లవారుజామున, ఇంకా చీకటిగా ఉండగానే, దానయ్య తెర మీద కనిపించాడు. ఖాళీ డబ్బాకు నడుము కట్టుకుని ఉన్నాడు.

"చూడండమ్మా, మీసంలో తెల్లవెంట్రుక కూడా తెలుస్తోంది," అంది తెర కాసే ఉద్యోగిని హైమవతి సంబరంగా.

"మరి ఇందాకటిదాకా ఏటైపోనాడమ్మా?" అడిగింది కాసులమ్మ.

హైమవతి పాత చిత్రాలు వెనక్కి తిప్పింది. రాత్రంతా అదే డబ్బా ఉంది. పక్కన మనిషి లేడు. ఆమె ముఖంలో సంబరం పోయింది.

"చీకట్లో వెలుతురు చాలదు కదమ్మా. ఉన్న కాస్త వెలుతురునీ నిశాక్షి చాలాసేపు పోగుచేసి ఒక్క చిత్రం తయారుచేస్తుంది. అలల ఊపును సరిచేసుకుంటుంది కానీ, ఇంకేది కదిలినా అలికినట్టు పడుతుంది. ఆ మరకని చెరిపేస్తుంది."

"మా ఓళ్లు నీళ్లల్లో పడితే తువ్వాలు ఊపడం ఆపరమ్మా," అంది కాసులమ్మ. "ఓపికున్నంతసేపూ ఊపుతానే ఉంటారు."

హైమవతి మళ్లీ తాజా చిత్రానికి వచ్చింది. తెర మీద దానయ్య పిడికిట్లో తువ్వాలు ఏ కదలికా లేకుండా, నేతపోగులతో సహా స్పష్టంగా ఉంది. గురుమూర్తి వదిన వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఏమైనా అని ఉంటే బాగుండునని కాసులమ్మకు అనిపించింది. తన నోటితో తనే మొగుణ్ణి ముంచేసింది.

అంతలో రక్షణనావ సైరన్ మోగించుకుంటూ దూసుకుపోయింది. మనిషి దొరికాడని ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు.