తూకం బోర్డు కింద శాసనసభ

కోదండపాణి ఎమ్మెల్యే లేచి, కండువా సర్దుకుని, "అధ్యక్షా! గోంగూరను మన రాష్ట్ర అధికార పచ్చడిగా ప్రకటించాలని..." అన్నాడు. అన్నాడన్న సంగతి పక్క సీటాయనకు తప్ప ఎవరికీ తెలియలేదు. మైకు పలకలేదు. స్పీకరు కుర్చీ పైనున్న బోర్డు మీద పెద్ద సున్నా వెలిగింది.

ఆయన మైకును తట్టాడు, ఊదాడు, చివరికి గొంతు చించుకుని "మైకు పాడైంది!" అని అరిచాడు.

"మైకు భేషుగ్గా ఉందండీ. మీ తీర్మానానికే బరువు లేదు," అంది స్పీకరు పక్కన కంప్యూటర్ తెర ముందు కూర్చున్న డాక్టర్ హైమవతి. ఆ బోర్డును నడిపే యంత్రం తయారుచేసింది ఆవిడే. ఇవాళ దానికి మొదటి పరీక్ష.

"గోంగూరకి బరువు లేదా? ఎంత మాటన్నారమ్మా!"

"గోంగూరకి ఉంది. తీర్మానానికి లేదు. ఇది ప్యాసైనా కాకపోయినా తినేవాళ్లు తింటూనే ఉంటారు కదండీ."

గ్యాలరీ గొల్లుమంది.

ఆ యంత్రం పేరు తూకం. దాని కంప్యూటర్లో రాష్ట్రం మొత్తానికి ఒక నమూనా ఉంది. ప్రతి ఇల్లూ, ఆ ఇంటి నీళ్లూ, సంపాదనా, రోగాలూ, పక్కింటితో తగాదాలూ అందులో ఉంటాయి. సభలో ఏ ప్రతిపాదన పెట్టినా దాన్ని ఆ నమూనా మీద నడిపి చూస్తుంది. ఎన్ని ఇళ్లలో బతుకు మారితే అంత బరువు, బరువును బట్టే మైకుకు కరెంటు. గ్యాలరీలో జనం అనే మాటలు కూడా వింటూ లెక్క మార్చుకుంటుంది.

ఇదెందుకొచ్చిందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. గవ్వలపాలెంలో సముద్రం ఏటా ఒక వరస ఇళ్లు మింగేది. అడ్డుగోడ బిల్లు ప్రతి సమావేశంలోనూ ఆఖరి అంశం. ఆ అంశం వచ్చేసరికి సభ వాయిదా పడేది. మొన్నటి తుఫానులో అక్కడ ఇళ్లు కూలుతుంటే ఇక్కడ వీళ్లు రాష్ట్ర సీతాకోకచిలుక ఏ రంగుదవ్వాలో వాదించుకుంటున్నారు! జనం ఆ రెండూ ఒకే ఫోన్లో చూశారు. చూసి ఊరుకుంటారా? ఎన్నికల్లో తూకం పెడతామని రెండు పార్టీలూ మాటివ్వాల్సొచ్చింది. అది ఎదుటివాడి నోరే మూయిస్తుందని ఎవరి నమ్మకం వారిది.

ఆ రోజు గ్యాలరీలో మైలపల్లి నూకరత్నం కూర్చుని ఉంది. చేపలమ్ముకునే మనిషి. ఆవిడ తండ్రి దానయ్య గోడ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, గోడ చూడకుండానే పోయాడు. ఇప్పుడు సముద్రానికి ముందున్న ఇల్లు ఆవిడదే.

పచ్చడి పోయింది, అభినందన తీర్మానాలు పోయాయి, మధ్యాహ్నానికల్లా గోడ బిల్లు వచ్చింది. బోర్డు మీద అంకె ఎగిరి గంతేసింది. మైకులన్నీ మోగాయి. సాయంత్రానికి బిల్లు ప్యాస్! నూకరత్నం వెక్కి వెక్కి ఏడుస్తూ, "అయ్యా, సూసినావేటి!" అని పైకి చేతులెత్తింది.

మరుసటి తుఫానుకు గోడ లేచి నిలబడింది. సముద్రం వచ్చింది, గుద్దింది, తోక ముడిచింది. ఊరంతా గోడెక్కి డప్పులు కొట్టింది. నాకూ అక్కడే ఉండి గంతులెయ్యాలనిపించింది.

తర్వాతి సమావేశంలో కోదండపాణి మళ్లీ లేచాడు.

"అధ్యక్షా! గవ్వలపాలెం గోడకు నామకరణం..."

మైకు ఖంగుమంది! బోర్డు మీద మూడు వందల ఇళ్లు.

హైమవతి తెల్లబోయింది. "పేరు పెడితే ఇళ్లలో ఏం మారుతుంది?" అంటూ తెర మీదికి వంగి చూసింది. చూసి తల పట్టుకుంది. "తలలు పగులుతాయట!"

నిజమే. గోడకు సముద్రపు తల్లి గంగమ్మ పేరని పైవీధి, దానయ్య పేరని కిందవీధి. రెండు వీధులూ గ్యాలరీలోనే ఉన్నాయి, చొక్కాలు పట్టుకుని. పచ్చళ్లనీ సీతాకోకచిలుకలనీ సభను తిట్టిపోసిన జనమే! కోదండపాణి మొహం వెలిగిపోయింది. "చూశారా అధ్యక్షా, పేరుకున్న బరువు!"

నూకరత్నం, దానయ్య కూతురిగా, కిందవీధికి ముందు నిలబడింది. బోర్డు వంక చూసింది. మూడు వందలు. ఊళ్లో ఉన్న ఇళ్లే అన్ని.

"ఛీ! సముద్రం మింగలేనోళ్లం, మనల్ని మనమే మింగీసుకుంటామేటి?" అని అరిచింది. "గంగమ్మకి అడ్డంగా కట్టిన గోడకి గంగమ్మ పేరేటర్రా, ఆ తల్లి నవ్వదా?"

పైవీధిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మా అయ్య గోడ అడిగినాడు గానీ పేరడిగినాడా? నాకూ ఆశే. ఆ పేరు రాతిమీద సూసుకోవాలని ఎంత ఉందో నాకే ఎరిక. అయినా వొద్దు. మా అయ్య పేరు నేనే వొదిలేసినాను."

చొక్కాలు వదిలారు. బోర్డు మీద అంకె జారి జారి సున్నా అయింది. కోదండపాణి నోరు కదులుతూనే ఉంది, మైకు మాత్రం మూగబోయింది. గ్యాలరీలో ఈలలు, చప్పట్లు. హైమవతి కూడా లేచి చప్పట్లు కొట్టింది. స్పీకరు తర్వాతి అంశం పిలిచాడు. గవ్వలపాలేనికి మంచినీళ్ల పైపు.

రెండు వీధులవాళ్లూ భుజాల మీద చేతులేసుకుని బయటికి నడిచారు. గ్యాలరీ గుమ్మం దగ్గర పైవీధి ముసలావిడ నూకరత్నం చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది సరేగానమ్మా, గోడ పక్కన బస్టాపు కడతన్నారు కదా. దానికే పేరెడదాం?"

లోపల బోర్డు మీద 'రెండు ఇళ్లు' అని వెలిగింది. కోదండపాణి కండువా సర్దుకున్నాడు.