గీతల తాత గీయని అక్షరం

మా బావ కొట్లో బోర్డులు, కరపత్రాలు తయారవుతాయి. లోపలి గదికి కిటికీ లేదు. కంప్యూటర్లు అక్కడే. నేను టైపు చేస్తాను. పనికి కూర్చునే ముందు బల్ల తుడుచుకుంటాను, చేతులు కడుక్కుంటాను. అందుకే బావ నన్ను పంతులూ అని వెక్కిరిస్తాడు.

ఆ గది మూలనే కూర్చుని, మేమంతా గీతల తాత అని పిలిచే ముసలాయన ఏళ్ల తరబడి కలంతో అక్షరాలు గీశాడు. బావ వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించి ఫాంటుగా మార్చాడు. చివరి రోజుల్లో తాత చూపుడు వేలికి చీము పట్టింది. కట్టుతోనే గీసేవాడు. తడిసిన కట్టు కాగితానికి అంటుకునేది. ఇంటికి వెళ్లి పడుకోమని అక్కా నేనూ ఎంత చెప్పినా, బావ ఇంకో కాగితం ముందుకు జరిపేవాడు. ఒక్క అక్షరం మిగిలి ఉండగా తాత పోయాడు. ఫాంటులో లేని అక్షరం చోట కంప్యూటర్ ఖాళీ గడి చూపిస్తుంది. తాత ఫాంటులో ఆ ఒక్క గడి అలాగే ఉండిపోయింది.

ఫాంటు ఫైలు లోపల గీసినవాడి పేరు రాసే చోటు ఉంటుంది. తాత పోయిన వారానికే బావ అక్కడ తన పేరు వేసుకున్నాడు. ఒకరి చేతి కష్టం మీద మన పేరు వేసుకోవడం నాకు ఎంగిలి కంచంలో తినడంతో సమానం. ఆ మాటే అన్నాను. బావ నవ్వేశాడు. ఫోన్లు తయారుచేసే కంపెనీవాళ్లు ఈ ఫాంటు అడిగారట. సాయంత్రంలోగా పంపితే ఊరూరా ప్రతి చేతిలోనూ తన పేరే ఉంటుందట.

బయట వాన. వీధి తలుపు వేసేశాం. లోపలి గదిలో తెర వెలుగు తప్ప ఏమీ లేదు. పంపేముందు బావ ఒక అక్షరాన్ని పెద్దది చేశాడు.

"ఫోటో అయితే పెంచేకొద్దీ పగిలిపోతుంది పంతులూ. ఫాంటులో ఉండేది చుక్కలూ కొలతలే. గీత ఎప్పటికప్పుడు కొత్తగా గీసుకుంటుంది. గోడంత చేసినా అంచు నున్నగానే ఉంటుంది, చూస్కో."

చూశాను. అంచు నున్నగా లేదు. నూగులా ఏదో... బావ ఇంకా పెంచాడు. వెంట్రుకలు. పొట్టివి, నెరిసినవి. వాటి మొదళ్లలో సన్నటి రంధ్రాలు. సిరా నలుపు అనుకున్నది సిరా కాదు. చర్మం. ముడతలు పడి, కుళ్లి నల్లబడిన చర్మం. ముడతల్లో పసుప్పచ్చగా ఊరుతోంది.

అప్పుడు వాసన తగిలింది. మార్చకుండా వదిలేసిన కట్టు వాసన. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

బావ గబగబా ఆ ఫాంటుని కంప్యూటర్లోంచి తీసేశాడు. అది లేకపోతే కంప్యూటర్ తన దగ్గరున్న వేరే ఫాంటుతో చూపించాలి. తెర మీద మాత్రం అవే అక్షరాలు... తడిగా... మెల్లగా ఉబ్బుతూ.

తెర మీది ఖాళీ గడి లోపల చప్పుడు. గర్... గర్... గోరుతో గీకుతున్నట్టు.

"బావా, పంపకు. ఆయన పేరు ఆయనకి పెట్టేయ్," అన్నాను గొంతు తగ్గించి.

బావ పంపడానికి విడిగా దాచుకున్న ఫాంటు ఫైలు తెరిచాడు. అక్కడ తన పేరు కనిపించింది. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత మౌసు నొక్కాడు.

"పంపేశాలే. ఇక దాని గొడవ మనకి లేదుగా," అన్నాడు.

నొక్కిన వేలు మౌసు మీంచి రాలేదు. లాగాడు. చర్మం అక్కడే అంటుకుని జిగురులా సాగింది. బావ తెర వైపే చూస్తున్నాడు. నేనూ చూశాను. గడి ఖాళీగా లేదు. తాత గీయని అక్షరం అందులో ఉంది. దాని తడి ఇంకా ఆరలేదు.

ఇప్పుడు బావ ఆస్పత్రిలో ఉన్నాడు. వేలు తీసేశారు. కుళ్లు అరచేతికి పాకింది. అక్క దగ్గరుండి చూసుకుంటోంది. నేను కంప్యూటర్ తీగలు పీకేసి, గదంతా ఫినాయిలుతో కడిగాను. నా చేతులు తోలు ఊడేలా కడుక్కున్నాను.

ఇందాక అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"తమ్ముడూ, మీ బావ కాగితం అడుగుతున్నాడు."

మెసేజ్‌లో మాటలే వస్తాయి. అక్షరాల రూపం ఇచ్చేది మన ఫోనులో ఉన్న ఫాంటే. నాది పాత ఫోను, తాత ఫాంటు అందులో లేదు. అయినా ఆ మాటలు తాత అక్షరాల్లోనే ఉన్నాయి.

తెరను గుడ్డతో తుడిచాను. గుడ్డ అంటుకుంది. పీకి చూస్తే దానికి పొట్టి నెరిసిన వెంట్రుక ఒకటి... కుదురుతో సహా.