అట్టపెట్టెలో వెళ్ళిపోయిన బూట్లు

"బూట్లేవి జైనబీ?... నా బూట్లేవి?"

లైమా అరుపుకి వంటింట్లో జైనబీ చేతిలోని పాలగిన్నె జారి గట్టుమీద పడింది. మస్కట్ దగ్గర సీబ్‌లోని ఆ విల్లాలో పనికి చేరి మూడేళ్ళు దాటినా మేడం గొంతు అంత పైకి లేవడం ఆమె ఎన్నడూ వినలేదు! తొమ్మిది నెలల పాప మారాను చంకనేసుకుని పరుగున గదిలోకి వెళ్ళింది. మంచం కిందా, బీరువా కిందా వెతికి వెతికి, జుట్టంతా రేగిపోయి నేలమీద చతికిలబడి ఉంది లైమా. "నిన్ననే ఒప్పుకున్నాను జైనబీ! దేశం జట్టులోకి మళ్ళీ రమ్మన్నారు. పది రోజుల్లో అక్కడ ఉండాలి... ఆ బూట్లు లేకపోతే నేను పరుగెత్తలేను!" అంటూ మొహం చేతుల్లో దాచుకుంది.

ఆ బూట్లు ఎక్కడున్నాయో జైనబీకి తెలుసు. కడప జిల్లా రాయచోటిలో, తన కూతురు సానియా దగ్గర ఉన్నాయి!

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది సగం ఇంగ్లీషు, సగం హిందీ, మధ్యలో కాసిని అరబ్బీ ముక్కలు. అందులో ఏ ఒక్కటీ ఇద్దరిలో ఎవరికీ సొంత భాష కాదు. అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా పోయిన రోజు లేదు... ఒక్క నెల రోజుల కిందటి ఆ రోజు తప్ప!

లైమాది లాట్వియా. తొమ్మిదేళ్ళప్పుడు మగపిల్లల మధ్య దూరి బంతి తన్నడం మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ళకే దేశం ఫుట్‌బాల్ జట్టులో ఆడింది. ఇరవయ్యో ఏట ఎడమ పాదం విరిగింది. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఇక ఆట మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. అప్పుడు ఆమె నాన్న, చెప్పులు కుట్టే మనిషి, కూతురి పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకున్నాడు. బూటు లోపల పాదం కింద పరిచే తోలును ఆ వంకరకి సరిపోయేలా తన చేత్తో కోసి అమర్చాడు. ఆ తోలు మీద నిలబడి లైమా మరో ఏడేళ్ళు ఆడింది. ముప్ఫై ఒక్క మ్యాచ్‌లు! పెళ్ళయి, మత్రా రేవులో ఇంజనీరుగా ఉన్న భర్త ఆండ్రిస్‌తో ఒమాన్ వచ్చాక కూడా, పిలుపు వస్తే విమానమెక్కి వెళ్ళి ఆడి వచ్చేది. బూట్లు మారాయి గానీ తోలు మారలేదు. కొత్త బూట్లు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఆ తోలు ఎక్కడ దొరుకుతుంది? కోసినాయన కన్నుమూసి నాలుగేళ్ళయింది.

హాల్లో లైమా ఫోటో ఒకటుంది. పొట్టి నిక్కరు, బురద కాళ్ళు, నోరంతా నవ్వు. చేరిన మొదటి రోజు దాన్ని చూసి "తోబా... తోబా!" అని చెంపలేసుకున్న జైనబీయే, ఏడాది తిరిగేసరికి దాన్ని రోజుకి రెండుసార్లు తుడిచేది. తెల్లారి సీబ్ సముద్రపు ఒడ్డున మేడం బంతి తంతుంటే, రెండు నూనె డబ్బాలు గోల్‌గా నిలబెట్టి, చున్నీ నడుముకి బిగించి బంతి అందించేది కూడా ఆవిడే! చేపలవాళ్ళు చూసి నవ్వితే నవ్వనీ, ఆవిడకేం లెక్క?

రెండేళ్ళు నిండగానే జైనబీకి ఊరికి వెళ్ళే సెలవు వచ్చింది. అప్పుడు లైమాకి అయిదో నెల. మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. తల్లి లేని పిల్ల, తండ్రీ లేడు. "నేను పోను మేడం" అంది జైనబీ, ఎవరూ అడక్కుండానే. కాన్పయ్యాక నలభై రోజులూ వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, నడుముకి గుడ్డ బిగించి, వెల్లుల్లి కారం ముద్ద నోట్లో పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే "ఇంకొకటి పెట్టు" అనేది ఆ తెల్లపిల్ల! అక్కడ రాయచోటిలో, జేజి అని పిలుచుకునే నాయనమ్మ దగ్గర పెరుగుతున్న పన్నెండేళ్ళ సానియా మాత్రం, అమ్మ వస్తుందని ఎదురుచూసి ఎదురుచూసి, ఆఖరికి అడగడం మానేసింది. ఆ మానేయడమే జైనబీని ఎక్కువగా కోసేది.

ఇక నెల కిందటి ఆ రోజు. కాన్పు తర్వాత మొదటిసారి ఇసుకలో పరుగెత్తబోయి లైమా నాలుగడుగులకే కూలబడింది. ఇంటికి వచ్చి, ఏడుస్తూ బూట్లని నల్లసంచిలో వేసి, తలుపు పక్కన పెట్టి "ఖలాస్ జైనబీ... తీసెయ్" అంది. ఒళ్ళు మళ్ళీ కుదుటపడేదాకా కళ్ళెదుట లేకుండా ఎక్కడైనా దాచమని ఆమె ఉద్దేశం. కానీ గల్ఫ్‌లో ఇంటిపని చేసే మనవాళ్ళందరికీ తెలిసిన పద్ధతి వేరు! మేడం సంచిలో కట్టి తలుపు పక్కన పెట్టిందంటే అది నీకిచ్చినట్టే. ప్రతి మనిషి మంచం కిందా ఒక అట్టపెట్టె ఉంటుంది. మేడం వద్దన్న గౌనులు, సబ్బులు, పాలపొడి డబ్బాలు ఒక్కొక్కటే అందులో చేరతాయి. ఎవరు ఊరికి పోతుంటే వాళ్ళతో ఆ పెట్టె పోతుంది. పక్క విల్లాలో పనిచేసే హసీనా సెలవు మీద వెళ్తుంటే, జైనబీ పెట్టె కూడా వెళ్ళింది. లోపల, సబ్బుల మధ్య, ఆ బూట్లు!

జైనబీ దాచలేదు. జరిగిందంతా చెప్పేసింది. గుమ్మంలో నిలబడి వింటున్న ఆండ్రిస్ మొహం ఎర్రబడింది. "అడక్కుండా ఇంట్లో వస్తువు బయటికి పంపితే దాన్నేమంటారు?" అన్నాడు. ఎంత మాట! మూడేళ్ళలో ఒక్క చెంచా కూడా అటూ ఇటూ పోనివ్వని మనిషి జైనబీ. పాపని గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది.

"ఆపు ఆండ్రిస్!" లైమా లేచి నిలబడింది. "నేనే ఇచ్చాను. నా చేత్తో కట్టి ఇచ్చాను. ఇంకోసారి ఆ మాట అనకు!"

జైనబీ కళ్ళు తుడుచుకుని వెంటనే ఇంటికి ఫోను కలిపి, మేడం కూడా వినేలా స్పీకర్ పెట్టింది. "సానియా, పెట్టెలో బూట్లు వచ్చినాయి గదా... యాడుండాయి బిడ్డా?"

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఎవరికన్నా ఇచ్చేస్తివా మే?"

"నేనెవరికీ ఇయ్యలేదమ్మా..." సానియా గొంతు సన్నగా వచ్చింది. "స్కూలుకు ఏసుకొని పో అన్నాది జేజి. నేనే ఏసుకోలేదు. నా దిండు పక్కన పెట్టుకోనుండా."

"దిండు పక్కనా! ఎందుకు బిడ్డా?"

"లోపల తోలు మీద కాలి గుర్తు ఉండాది గదమ్మా... అయిదు వేళ్ళూ పడిండాయి. అవి నీయే అనుకుంటి. ఇన్నేండ్లు డ్యూటీలో నువ్వే అరగదీసినావు అనుకుంటి. దినామూ ఆ గుర్తులో నా కాలు పెట్టి చూసుకుంటాండా. కడిగితే పోతాదని కడగను గూడా లేదు..."

జైనబీ గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది. ఏడుపు ఆగలేదు. ఏమంటోందని లైమా భుజం పట్టుకుని కుదిపితే, వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పగలిగినంత చెప్పింది. లైమా కిటికీ వైపు తిరిగి "ఉంచుకోమను" అంది. "నేను వెళ్ళను. ఫోను చేసి చెప్పేస్తాను. ఆ పిల్ల దగ్గర్నుంచి మాత్రం తీసుకోలేను జైనబీ!"

జైనబీ కూతురితో ఉన్నదున్నట్టు చెప్పింది. "అవి నాయి కాదు బిడ్డా, మా మేడంవి. ఆ తోలు వాళ్ళ నాయన కోసిచ్చిండేది. అది లేకుంటే ఆయమ్మ ఆడలేదు. అయినా నిన్నే ఉంచుకోమంటాది."

సానియా మెల్లిగా అడిగింది. "వాళ్ళ నాయన ఇప్పుడు ల్యాడా అమ్మా?"

"ల్యాడు."

"అట్లయితే పంపిస్తాలే. నాకు నువ్వన్నా ఉండావు గదా... యాడో ఒక చోట."

పదమూడేళ్ళ పిల్ల అన్న మాట అది! జైనబీ ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చలేక మార్చలేక మార్చింది. విన్న ఆండ్రిస్ వచ్చి, నేలమీద ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, "మాఫ్ కరో జైనబీ" అన్నాడు. వచ్చిన హిందీ అంతే ఆయనకి. ఆ రెండు మాటలూ సరిపోయాయి.

రాయచోటి నుంచి మస్కట్‌కి ఏ వారమూ మనిషి రాకుండా ఉండడు. సీబ్‌లో డ్రైవరుగా పనిచేసే జిలాని సెలవు ముగించుకుని శుక్రవారం దిగాడు. అతని సంచిలో, పాత చున్నీలో చుట్టి, బూట్లు! లైమా తోలుని బయటికి తీసి, చెంపకి ఆనించుకుని, మళ్ళీ బూటులో పరిచింది. ఆ సాయంత్రమే సముద్రపు ఒడ్డున పరుగెత్తింది. నూనె డబ్బాల మధ్య జైనబీ నిలబడితే, ఆవిడ్ని దాటించి గోలు కొట్టి చిన్నపిల్లలా కేకలేసింది.

వెళ్ళే ముందు రోజు లైమా ఒక టికెట్టూ, ఇన్నాళ్ళూ తమ దగ్గరే ఉంచుకున్న ఆవిడ పాస్‌పోర్టూ జైనబీ చేతిలో పెట్టింది. రెండు నెలల సెలవు! పాప సంగతేంటని జైనబీ కంగారు పడితే, తనతో తీసుకెళ్తున్నానంది. "మా పిన్ని ఉంది అక్కడ చూసుకోవడానికి. నువ్వు నాకు అమ్మవైనన్నాళ్ళూ నీ కూతురికి అమ్మ లేదు. నాకు తెలుసు జైనబీ... నా కడుపు పండాకే తెలిసింది!" జైనబీ ఆమె తలని గుండెకి హత్తుకుంది. దేవుడికి ఎన్ని షుక్రియాలు చెప్పుకుందో లెక్క లేదు. ఎయిర్‌పోర్టుకి ఒకే కారులో వెళ్ళారు. సామాను మోసింది ఆండ్రిస్.

జైనబీ రాయచోటి చేరిన వారానికి ఫోను వచ్చింది. "ఓడిపోయాం జైనబీ!" గలగలా నవ్వుతోంది లైమా. "ఓడితే ఓడాం... ఆఖరి దాకా ఆడాను! నీ కూతురికి చెప్పు, ఆ పరుగంతా తనదేనని." ఆట ముచ్చట తెలియని జేజి కూడా చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ రోజే జైనబీ, వచ్చీ రాగానే బంధువుల హడావిడిలో పడి మరిచిపోయిన చెప్పుల జత బయటికి తీసింది. మత్రా సూక్ బజారులో సానియా కోసం ఏరి ఏరి కొన్నది. సానియా కాలు పెడితే మడమ బయటే ఉండిపోయింది! మూడేళ్ళ కిందట చూసిన పాదం కొలత అది. తల్లి మొహం పాలిపోవడం చూసి సానియా తన పాదాన్ని అమ్మ పాదం పక్కన పెట్టింది. కూతురిదే రెండు వేళ్ళ పొడుగు.

"చూడు, నిన్ను మించిపోయినా! అవి నీకే సరిపోతాయి" అని నవ్వి, తానే వంగి తల్లి కాళ్ళకి తొడిగింది. "ఈ రెండు నెల్లూ నువ్వే ఏసుకోమ్మా. యాడికి పోయినా ఇవే ఏసుకో. మళ్ళా పోయేటప్పుడు నాకిచ్చి పో."

జైనబీ మరి ఆ చెప్పులు విడవలేదు. బజారుకీ, బావి దగ్గరికీ, పెరట్లోకీ అవే వేసుకుని తిరిగింది.