ఏడో నెలలో ఎర్ర కవర్లు

ఆ ఉదయం సౌఫన్ వేడినీళ్ల ఫ్లాస్కు కోసం వెతికింది. ముప్ఫై ఏళ్లుగా పొయ్యి పక్కనే ఉండే ఎర్ర పువ్వుల ఫ్లాస్కు అది. పొయ్యి పక్కన లేదు, బల్ల కింద లేదు. పదహారో అంతస్తులో ఆ ఇల్లంతా కలిపితే మూడు వందల చదరపు అడుగులు. అందులో ఒక వస్తువు కనబడలేదంటే అది ఇల్లు దాటినట్టే.

పోయింది ఫ్లాస్కు ఒక్కటే అయితే ఆమె ఊరుకునేది. కిందటి నెలలో కోడిపుంజు బొమ్మ గిన్నెలు రెండు పోయాయి. తర్వాత పూల దుప్పటి, తను చలికాలంలో వేసుకునే దూది చొక్కా. మొన్న గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండరు. అడిగితే కొడుకు చీహాంగ్ "పాతవి కదమ్మా, పారేశాను" అంటాడు. వాడికి ముప్ఫై రెండేళ్లు. బుద్ధెరిగాక చెత్తబుట్ట బయట పెట్టిన పాపాన పోలేదు. అలాంటివాడు ఇల్లు సర్దుతున్నాడంటే నమ్మడానికి సౌఫన్ చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోలేదు.

కొడుకు స్నానానికి వెళ్లగానే వాడి సంచీ తెరిచింది. తప్పని తెలుసు, తెలిసే చేసింది. గొడుగు కింద ఎర్ర కవర్ల కట్ట ఒకటి దొరికింది. కొత్తవి, ఖాళీవి, ఇంకా రబ్బరుబ్యాండు తీయనివి.

సౌఫన్ ఆ కట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. కొత్త సంవత్సరానికి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇచ్చేది పెళ్లయినవాళ్లు. పెళ్లి కానివాళ్లకు ఎంత వయసు వచ్చినా పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఉండదు. పైగా కొత్త సంవత్సరం ఎప్పుడో అయిపోయింది. ఇది చాంద్రమానంలో ఏడో నెల, దయ్యాలు తిరిగే నెల. ఈ నెలలో పెళ్లి మాట ఎవరూ ఎత్తరు, ఆగలేనంత తొందర ఉంటే తప్ప.

"తొందరంటే ఇంకేముంటుంది వదినా," అంది పక్కింటి హింగ్, వరండాలో బట్టలు ఆరేస్తూ. "ఎవరో పిల్లకి నెల తప్పుంటుంది. గిన్నెలు, దుప్పటి, ఫ్లాస్కు, అన్నీ కాపురం సామానే కదా. నీకు చెప్పలేదంటే దానికి ముందే ఓ మొగుడుండాలి."

సౌఫన్ ఆ మాటను కొట్టిపారేసింది. కానీ అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ ఆదివారం లోక్‌సాన్ భోజనానికి వచ్చినప్పుడు అతన్నే పట్టుకుంది. లోక్‌సాన్ కొడుకు స్నేహితుడు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె చేతి తామరదుంపల సూపు తాగుతాడు, గిన్నెలు కూడా కడిగి పెట్టి వెళతాడు. మావాడికి ఎవరైనా ఉన్నారా బాబూ అని ఆమె అడిగేసరికి అతనికి పొలమారింది. చీహాంగ్ గబుక్కున చేప బుగ్గ దగ్గరి మెత్తటి ముక్క తీసి అతని గిన్నెలో వేశాడు. ఇద్దరూ ఆ తర్వాత తలెత్తలేదు. వీడికి అంతా తెలుసు, ఇద్దరూ కలిసి ఆ పిల్లను దాస్తున్నారు అనుకుంది సౌఫన్. ఆ రోజు లోక్‌సాన్‌కు రెండో గిన్నె సూపు పొయ్యలేదు.

శనివారం పొద్దున్నే కొడుకు అన్నం కుక్కరు సంచీలో పెట్టుకుని బయల్దేరాడు. కుక్కరు కూడానా అని ఆమెకు మండిపోయింది. టోపీ పెట్టుకుని, వాడు ఎక్కినదాని వెనకాలే వచ్చిన మినీబస్సు ఎక్కి, సాన్ పో కాంగ్ పేటలో వాడు దిగడం చూసి తనూ దిగింది. వాడు పోయింది అపార్ట్‌మెంటుకు కాదు, పాత ఫ్యాక్టరీల భవనానికి. సరుకుల లిఫ్టులో నాలుగో అంతస్తుకు చేరి, ఓరగా తెరిచి ఉన్న తలుపు సందులోంచి చూసింది.

లోపల తన ఇల్లు ఉంది. గోడకు తన క్యాలెండరు, సోఫా మీద తన దుప్పటి, బల్ల మీద తన ఫ్లాస్కు, కుర్చీకి తన దూది చొక్కా. మూడు గోడలే ఉన్నాయి, నాలుగో గోడ ఉండాల్సిన చోట ఒక అమ్మాయి ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. వాళ్ల మాటలను బట్టి అది ఇంటర్నెట్‌లో వేసే నవ్వుల సీరియల్. ఒక వేషం లోక్‌సాన్‌ది; రెండోది వేసేవాడు ఇంకా రాలేదట, అతని బదులు కథ రాస్తున్న చీహాంగే కూర్చుని రిహార్సల్ చేస్తున్నాడు.

కథలో ఇద్దరు మగవాళ్లు ఒకే ఇంట్లో మొగుడూపెళ్లాల్లా ఉంటారు. లోక్‌సాన్ వచ్చి చీహాంగ్ భుజం మీద తల పెట్టాడు. అంతలో ఉలిక్కిపడి, "ఆగు, మీ అమ్మ చూస్తోంది" అని లేచి, పూజ అరలో పోయినవాళ్లకు పెట్టే నల్ల ఫ్రేము ఫొటోను గోడవైపు తిప్పి వచ్చాడు. ఫోను పట్టుకున్న అమ్మాయి నవ్వింది. సౌఫన్‌కు నవ్వు రాలేదు. లోక్‌సాన్ మళ్లీ తల పెట్టగానే తన కొడుకు చెయ్యి, చూడకుండానే, అతని చొక్కా కాలరు సర్దింది. అది వేషం కాదు. చేప బుగ్గ ముక్క వేసిన చెయ్యి అదే.

తలుపు కిర్రుమంది. చీహాంగ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. సౌఫన్ ఎవరినీ పలకరించకుండా నేరుగా పూజ అర దగ్గరకు వెళ్లి ఫొటోను ఇటు తిప్పింది. నల్ల ఫ్రేములో ఉత్త తెల్ల కాగితం ఉంది.

"ఇందులో ఉండాల్సింది ఎవరు?"

"కథలో అమ్మ."

"చచ్చిపోయిందా?"

"మొదటి ఎపిసోడ్‌కి ముందే."

"ఇల్లు నాది, గిన్నెలు నావి, ఆఖరికి చొక్కా కూడా నాదే. మనిషిని మాత్రం చంపేశావు. నేనేం చేశానురా నీకు?"

"నీ ఫొటో పెట్టడానికి చెయ్యి రాలేదమ్మా. ఇంకెవరినడిగినా, ఎర్ర కవరిస్తామన్నా రామన్నారు."

అప్పుడు ఆమెకు కవర్ల సంగతి అర్థమైంది. షూటింగులో చచ్చిపోయిన వేషం వేసినవాళ్లకు, ఫొటో నల్ల ఫ్రేములోకి ఎక్కినవాళ్లకు కీడు తగలకుండా ఎర్ర కవరు ఇస్తారు. అందులోది ఇంటికి వెళ్లేలోపు ఖర్చుపెట్టెయ్యాలి. ఈ సీరియల్లో రెండు వారాలకొకరు చస్తారట, అందుకే కట్ట కొన్నాడు.

"ఎందుకు చంపావు? అది చెప్పు."

చీహాంగ్ నేలచూపులు చూశాడు. "ఆమె బతికుంటే ఈ ఇద్దరూ ఆమెకి చెప్పాలి కదా. ఆ సీను పదకొండుసార్లు రాశాను. చెప్పేదాకా వచ్చేది. విన్నాక ఆమె ఏమంటుందో రాయలేకపోయాను. చంపేస్తే ఆ సీనే అక్కర్లేదనుకున్నా."

సౌఫన్ తన దుప్పటి మీద కూలబడింది. కోపమంతా ఎటు పోయిందో, కళ్లు నిండిపోయాయి. ఇన్ని రోజులుగా కొడుకు జేబుల్లో, సంచీల్లో, ఒక ఆడపిల్ల కోసం వెతికింది. వెతుకుతున్న మనిషికి మూడేళ్లుగా తనే సూపు పోసింది. ఏ తల్లి ఏమంటుందోనని కొడుకు పదకొండుసార్లు భయపడ్డాడో ఆ తల్లి తనే.

ఏం చెయ్యాలో తోచక లోక్‌సాన్ ఫ్లాస్కులోంచి కప్పులోకి టీ వంచి, రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. "ఆంటీ, కొంచెం టీ తాగండి."

సౌఫన్ కప్పు వంక చూసింది. పెళ్లినాడు కోడలు అత్తగారికి ఇచ్చేది ఇలా రెండు చేతులతో ఒక కప్పు టీయే; అది తాగి అత్తగారు ఎర్ర కవరు ఇస్తుంది. దానికోసం ఆమె ఎన్నేళ్లుగానో కాచుకుని ఉంది. కప్పు అందుకుని ఒక్క చుక్క మిగలకుండా తాగింది.

"చీహాంగ్, కవరొకటి ఇటివ్వు."

వాడు జేబులోంచి నోటు తీసి అందులో పెట్టబోయాడు. ఆమె వద్దంది.

"నన్ను చంపినందుకు ఇచ్చేది తర్వాత ఇవ్వు, కింద కొట్లో నువ్వుల పాయసం తాగి వదిలించుకుంటా. ఇప్పుడు నాకు కొత్తది కావాలి, ఖాళీది."

పర్సులోంచి తన నోటు తీసి కవరులో పెట్టి, రెండు చేతులతో లోక్‌సాన్‌కు ఇచ్చింది. అతను "ఆంటీ..." అని ఆగిపోయాడు.

"టీ ఇచ్చాక కూడా ఆంటీ ఏమిటి?"

అతను అమ్మా అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి, అయినా సౌఫన్‌కు వినబడింది.

ఆమె లేచి ఉక్కపోతలోనే దూది చొక్కా తొడుక్కుని, నల్ల ఫ్రేము తన సంచీలో వేసుకుంది. "దీంతో పనిలేదు. ఆమెను బతికించు. ఆ సీను రాయి. ఏమంటుందో తెలియకపోతే నన్నడుగు."

"ఏమంటుందమ్మా?"

"నా ఫ్లాస్కెందుకు ఎత్తుకుపోయారని ముందు ఇద్దర్నీ తిడుతుంది. తర్వాత, అన్నం తిన్నారా అని అడుగుతుంది."

చీహాంగ్ ఆమె భుజం మీద మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సౌఫన్ ఒక చెయ్యి వాడి వీపు మీద వేసి, రెండో చేత్తో లోక్‌సాన్‌ను దగ్గరికి లాక్కుంది.